పరీక్ష ఎవరికి?

ఎయిడ్స్ అన్న మాట కనిపించగానే మీరు ఈ పేజీ తిప్పేస్తారని నాకు తెలుసు. తప్పు పట్టను. నేనైనా అదే పని చేసేదాన్ని. నా చిన్నతనంలో టీవీలో ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా ఇంటిల్లిపాదికీ ఒక్కసారే పనులు గుర్తొచ్చేవి. నాన్నగారు గడియారానికి కీ ఇవ్వడానికి లేచేవారు. పొద్దున్నే కాచి దించిన పాలు పొంగిపోతున్నాయంటూ అమ్మ వంటింట్లోకి పరుగెత్తేది. నేనూ తమ్ముడూ గోడ మీది కాలెండరు ముందు నిలబడి, వచ్చే నెలలో ఏకాదశి ఎప్పుడో అతి శ్రద్ధగా చూసేవాళ్లం.

మానభంగం అన్న మాటకి మాత్రం అంత హడావుడి ఉండేది కాదు. అది పేపర్లో రోజూ ఉండేదే. చదివి, మడిచి పక్కన పెట్టి, "చీకటి పడ్డాక బయటికి వెళ్లకు" అనేది అమ్మ. నాతోనే. తమ్ముడితో ఆ మాట అన్నట్టు నాకు గుర్తు లేదు.

ఈ రెండు మాటలూ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలని తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్లు దాటవలసివచ్చింది. ఆ చుట్టరికం చెప్పింది కూడా ఏ డాక్టరో, లాయరో కాదు. చదువురాని ఓ ఆడమనిషి.

ఆ మధ్య మిరప కోతల రోజుల్లో భద్రాచలంలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్లాను. ఏజెన్సీలో ఓ ఆశ్రమ పాఠశాలలో టీచరు తను. "కథలు రాస్తానంటావు, ఇంట్లో కూచుంటే కథలు నడిచొస్తాయా వదినా? పద!" అని ఓ సాయంత్రం నన్ను ఆటో ఎక్కించింది. అడవి అంచున చిన్న ఊరు. ఇప్పచెట్టు కింద పొదుపు సంఘం ఆడవాళ్లు పాతికమంది దాకా కూచున్నారు. ఎదురుగా కిరాణా కొట్టు అరుగు మీద మగవాళ్లు బీడీలు కాలుస్తూ, వినీ విననట్టు మమ్మల్నే చూస్తున్నారు.

పట్నం నుంచి వచ్చిన ఓ అమ్మాయి బొమ్మల అట్టలు తిప్పుతూ ఎయిడ్స్ గురించి చెప్పింది. బాగా చెప్పింది కూడా. రోగి పక్కన కూచుంటే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దోమకాటు వల్ల రాదు అంది. ఎలా వస్తుందో దాపరికం లేకుండా చెప్పింది. పరీక్ష ఉచితం, మందులు ఉచితం, మందులు సరిగ్గా వేసుకుంటే మామూలు మనుషుల్లాగే బతకొచ్చు, తల్లికి ఉన్నా బిడ్డకి రాకుండా చూసుకోవచ్చు అంది. చివరగా, "మీ ఆయన్ని నిరోధ్ వాడమని అడగండి. అనుమానముంటే ఇద్దరూ కలిసి పరీక్ష చేయించుకోండి" అని ముగించింది.

అప్పుడు లేచిందావిడ. యాభై ఏళ్లుంటాయేమో. మిరపకాయలు కోసి కోసి వేళ్ల కొనలు పగిలి ఉన్నాయి.

"అడిగేటోడికైతే మీరు చెప్పిందే చెప్తామమ్మా. అడగనోడికి ఏం చెప్పాల?"

ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. బొమ్మల అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అది వేరే ప్రోగ్రామమ్మా. దానికి వేరేవాళ్లు వచ్చి చెప్తారు" అంది. ఆ పిల్ల తప్పేం లేదు. తనకిచ్చిన అట్టల్లో ఆ బొమ్మ లేదు. ఇంతలో టీ వచ్చింది. అందరూ తాగి లేచారు. ప్రశ్న మాత్రం ఇప్పచెట్టు కిందే కూచుండిపోయింది.

తిరుగుదారిలో మా ఆడపడుచు అదే మాట తీసింది. "మా ఊళ్ల సంగతి చూశావుగా వదినా! 1959 దాకా తూర్పు గోదావరి జిల్లా. తర్వాత ఖమ్మం. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రాలోకి వెళ్లాయి. 2016లో మాది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. ఊరికి గీత గీస్తే సరే అనుకుంటాం. మనిషి ఒంటికి కూడా గీత గీసి, ఇంతవరకూ ఆరోగ్య శాఖది, ఇక్కణ్ణుంచి పోలీసు శాఖది అంటే ఎలా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇద్దరం పర్ణశాలకి వెళ్లాం.

భద్రాచలానికి 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం. సీతమ్మని రావణుడు ఎత్తుకుపోయింది అక్కడి నుంచేనని మనవాళ్ల నమ్మకం. సీతవాగు చూపిస్తారు. నార చీరలు ఆరేసుకున్న గుర్తులంటూ రాళ్ల మీద చారలు చూపిస్తారు. చూసి దణ్ణం పెట్టుకున్నాను. నేను భక్తురాలినే, ఏటా భద్రాద్రి తలంబ్రాలు ఇంట్లోకి రానిదే నాకు నవమి అయినట్టుండదు. కానీ ఆ వాగు ఒడ్డున నిలబడితే ఓ సంగతి స్ఫురించింది. నేరం చేసినవాడు ఒకడు. పరీక్షకి నిలబడింది ఇంకొకరు. రాముణ్ణి తప్పు పట్టేంతటిదాన్ని కాను. కథ ఆయనది, అగ్ని ఆమెది. నన్ను బాధపెట్టింది కథ కాదు, ఆ కథలోంచి ఆ ఒక్క ముక్కనే మనం ఇంత పదిలంగా దాచుకోవడం.

ఎంత పదిలంగానో చూడండి. 1978లో హైదరాబాదులో రమీజాబీ కేసు వచ్చినప్పుడు, పోలీసుల మీద ఆరోపణ చేసిన ఆ మనిషి నడత ఎలాంటిదన్నదే పెద్ద చర్చ అయింది. 1978లోనే మహారాష్ట్రకి చెందిన ఓ ఆదివాసీ పిల్ల కేసులో సుప్రీంకోర్టు, ఒంటి మీద గాయాలు లేవు గనక ఇష్టపడే ఉంటుందన్న అర్థంలో తీర్పు ఇచ్చింది. దేశంలోని ఆడవాళ్లు రోడ్డెక్కితే 1983లో చట్టం మారింది. అయినా ఆస్పత్రుల్లో వేళ్లతో చేసే ఓ పరీక్ష ఉండేది, ఆమెకి మునుపే అలవాటుందా లేదా అని తేల్చడానికి. అది పనికిరాదని సుప్రీంకోర్టు 2013లో అంది. చెయ్యవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో రాసింది. ఇంకా చేస్తూనే ఉంటే 2022లో సుప్రీంకోర్టు మళ్లీ గట్టిగా చెప్పవలసివచ్చింది. నిప్పు పోయి వేళ్లొచ్చాయి గానీ, ప్రశ్న అదే. "నువ్వెలాంటిదానివి?"

ఎయిడ్స్ కథ కూడా ఇలాగే మొదలైంది. మన దేశంలో ఈ వైరస్ ఉందని మొదట బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్, ఆవిడ విద్యార్థిని నిర్మల కలిసి చేసిన పని అది. గొప్ప పని. కాదనను. కానీ ఆ రక్తం ఎవరిది? పడుపువృత్తిలో పట్టుబడి ప్రభుత్వ వసతిగృహంలో ఉన్న ఆడవాళ్లది. వాళ్లకి ఆ జబ్బు అంటించి, జేబు సవరించుకుని వెళ్లిపోయిన మగవాళ్లది కాదు. అప్పటి నుంచి ఎన్నో ఇళ్లల్లో జరిగింది ఇదే. మొగుడు పోతాడు. పెళ్లానికి జబ్బని తెలుస్తుంది. "ఇదే తెచ్చిపెట్టింది" అంటారు. మన దేశంలో ఈ జబ్బు సోకిన ఆడవాళ్లలో చాలామంది భర్త తప్ప పరాయి మగవాణ్ణి ఎరగనివాళ్లే. ఆ మాట ఎవరికి కావాలి!

పరీక్ష అనే మాటకి మన భాషలో రెండర్థాలున్నాయి చూశారా? "నీకేం కావాలి తల్లీ" అని అడిగేది ఒకటి. "నువ్వెవరివే" అని నిలదీసేది ఇంకొకటి. ఒకటి వైద్యం, ఇంకొకటి తీర్పు. 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ఈ తేడా గ్రహించింది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చెయ్యకూడదు, ఫలితాన్ని ఊరంతా చాటకూడదు, జబ్బుందని ఉద్యోగంలోంచో ఇంట్లోంచో గెంటెయ్యకూడదు అంది. మనలో మన మాట, ఆడదాని ఒంటిని ముట్టుకోవాలంటే ఆవిడ ఒప్పుకోవాలని చెప్పడం కూడా అలాంటిదే కదా! రక్తపు చుక్క తియ్యడానికి అనుమతి కావాలన్న దేశంలో, మనిషి మొత్తానికి అనుమతి అక్కర్లేదా?

ఇక్కడ భార్యల మాట కూడా అనుకోవాలి. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో కూడా, పద్ధెనిమిదేళ్లు నిండిన భార్యని భర్త బలవంతం చేస్తే అది అత్యాచారం కిందికి రాదు. 2005 గృహహింస చట్టంలో లైంగిక హింస అన్న మాట ఉంది. ఆ తలుపు తట్టొచ్చు. కానీ తలుపు ఉందని తెలియాలి కదా! "అడగనోడు" అంటే ఆవిడ ఉద్దేశం ఏ దారిన పోయే రాక్షసుడో అనుకున్నాను నేను. కాదేమో. వాడు ఆ కిరాణా కొట్టు అరుగు మీదే కూచుని ఉండొచ్చు.

సరే, అసలు లెక్కకి వద్దాం. బలవంతం జరిగినప్పుడు లోపల గాయాలవుతాయి గనక వైరస్ సోకే ప్రమాదం ఎక్కువ. ప్రతిసారీ సోకుతుందని కాదు. సోకకుండా ఆపడానికి మందుంది. 72 గంటల్లోగా మొదలుపెట్టాలి, 28 రోజులు మానకుండా వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. 72 గంటలు దాటితే ఆ మందు వల్ల ఫలితం ఉండదు. ఇందాక చెప్పిన 2014 నాటి కాగితాల్లోనే ఈ మందు సంగతీ ఉంది. ఆ వేళ్ల పరీక్ష వద్దన్నదీ, ఈ మందు ఇమ్మన్నదీ ఒకే చోట! అట్టలు తయారుచేసేవాళ్లు మాత్రం రెంటినీ విడదీశారు.

ఇప్పుడు ఊహించండి. మిరప తోటకి కూలికొచ్చిన ఓ పిల్ల. ఛత్తీస్‌గఢ్ నుంచి ఖమ్మం వైపుకి ఆ రోజుల్లో ఎంతమంది వస్తారో మీకు తెలిసే ఉంటుంది. తోట పక్కనే పరదాల గుడిసెల్లో కాపురం. ఓ రాత్రి జరగరానిది జరిగింది. మొదటి రోజు తల్లి ఏడుపుతోనూ, స్నానం చేయించి బట్టలు ఉతికెయ్యడంతోనూ సరిపోతుంది. రెండో రోజు పెద్దమనుషులు కూచుంటారు. వాడిది ఏ ఊరు, డబ్బు ఎంత ఇస్తాడు, పెళ్లి చేసుకుంటాడా అని. మూడో రోజు భాష తెలియని ఊళ్లో బస్సు కోసం ఎదురుచూపు. ఆస్పత్రి మెట్లెక్కేసరికి గంటలు అయిపోతాయి. ఆ గంటల్ని ఎవరు తినేశారు? దూరం కొంత, పేదరికం కొంత. మిగతాదంతా సిగ్గు తినేసింది. చెయ్యినివాళ్ల సిగ్గు!

ఎయిడ్స్ పాఠం విన్న తల్లికి ఆ రాత్రికీ ఆ పాఠానికీ సంబంధం ఉందని తెలియదు. పోలీసుల పాఠం విన్న తల్లికి కేసు సంగతి తెలుసుగానీ మందు సంగతి తెలియదు. రెండు సగం పాఠాలు కలిస్తే ఒక పాఠం అవుతుందనుకుంటాం. కాదు. పిల్ల ఆ రెంటి మధ్యలో జారిపోతుంది.

మీలో కొందరు ఇక్కడ ఆగి ఓ మాట అంటారు. "ఇలాంటివన్నీ పిల్లలకి చెప్తే చెడిపోరూ?" 2007లో కొన్ని రాష్ట్రాలు ఇదే భయంతో బళ్లలో ఆ పాఠాలు ఆపేశాయి కూడా. నాకు ఆ భయం కన్నా ఇంకో భయం ఎక్కువ. ఈ రెంటినీ మొరటుగా కలిపితే "బయటికెళ్తే పాడు చేస్తారు, పాడు చేస్తే ఎయిడ్స్ వస్తుంది, కాబట్టి బడి మానెయ్" అని తేలుతుంది. మా అమ్మ మాటకి ఓ జబ్బు పేరు తోడవుతుంది, అంతే. పైగా ఆ జబ్బుతో బతుకుతున్న పాపం మనుషులందరూ నేరస్థుల్లా కనిపిస్తారు. అలా కాదు కలపవలసింది. భయంతో కాదు, హక్కుతో కలపాలి. "నీ ఒళ్లు నీది. ఎవరైనా దానికి హాని చేస్తే తప్పు వాడిది, వైద్యం నీ హక్కు." ఈ రెండు వాక్యాల్లో రెండు పాఠాలూ ఇమిడిపోతాయి.

ఇది అయ్యే పనేనా అంటే, చేసి చూసినవాళ్లున్నారు. దక్షిణాఫ్రికాలో లింపోపో అనే చోట, 2001 నుంచి కొన్నేళ్లపాటు, మన డ్వాక్రా సంఘాల్లాంటివే నడిపారు. చిన్న చిన్న అప్పుల కోసం పేద ఆడవాళ్లు పదిహేను రోజులకోసారి కూడేవారు. ఆ కూడినప్పుడే ఎయిడ్స్ గురించీ, ఇంట్లో దెబ్బల గురించీ, ఆడా మగా తేడాల గురించీ కలిపి పాఠాలు చెప్పారు. రెండేళ్లలో వాళ్ల మీద భర్తల హింస సగానికి పైగా తగ్గిందని 2006లో లెక్క తేలింది. ఆ ఊళ్ల కుర్రకారులో వైరస్ కొత్తగా సోకడం మాత్రం తగ్గినట్టు కనిపించలేదు. అది కూడా చెప్పాలి. రెండేళ్లలో ఊరు మారదు. కానీ చెయ్యి ఎత్తడం తగ్గింది కదా, అది చిన్న విషయమా?

అంత దూరం ఎందుకు, మన నెల్లూరు జిల్లా లేదూ! 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఎక్కడ మొదలైందది? రాత్రి బడిలో. అక్షరాలు నేర్చుకోవడానికి కూచున్నవాళ్ల వాచకంలో "సీతమ్మ కథ" అని ఓ పాఠం ఉండేది. తాగుబోతు మొగుడితో వేగిన ఓ ఇల్లాలి కథ. "ఇది మన కథే" అనుకున్నారు. అ ఆలు దిద్దుతున్న చేతులే కొట్టు తలుపులు మూశాయి. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. చదువు ఒక శాఖది, సారా ఇంకో శాఖది అని ఆ ఆడవాళ్లకి ఎవరూ చెప్పలేదు కాబోలు! చెప్పి ఉంటే ఆ పాఠం అక్షరాల దగ్గరే ఆగిపోయేది. పర్ణశాల సీతమ్మని అగ్నిలోకి పంపిన జాతి మనది, వాచకంలో సీతమ్మని చూసి లేచి నిలబడ్డ జాతీ మనదే. మనకి రెండో సీతమ్మ కూడా ఉందని మరిచిపోతాం.

ఇంతవరకూ లోకం తప్పులన్నీ ఏకరువు పెట్టాను కదా. ఇక నాది చెప్పాలి.

ఏడెనిమిదేళ్ల కిందట మా ఇంట్లో ఓ అమ్మాయి పని చేసేది. ఓ రోజు పొద్దున్న ఆలస్యంగా వచ్చింది. గిన్నెల ముందు కూచుని కొళాయి తిప్పలేదు. అడిగితే చెప్పింది. ముందు రోజు రాత్రి జరిగింది. చేసింది తెలిసినవాడే. నేను తనని లోపలికి తీసుకెళ్లి టీ ఇచ్చాను. తల నిమిరాను. నా చీర ఒకటి ఇచ్చాను. నేనూ ఏడ్చాను. చివరికి, పెద్దదాన్ని గదా, మంచి మాట చెప్పాననుకుని, "ఎవరితోనూ అనకమ్మా" అన్నాను. అది తల ఊపింది. నెల తిరక్కుండా వాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు.

ఇప్పచెట్టు కింద ఆవిడ ప్రశ్న విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదన్నానే, నేను లెక్కపెట్టుకున్నది ఆ గంటలు. ముందు రోజు రాత్రి నుంచి మర్నాడు పొద్దుటి దాకా. పన్నెండు గంటలు కూడా కాలేదు. ఇంకా అరవై గంటలున్నాయి. ఆటోలో వెళ్తే ఆస్పత్రి ఇరవై నిమిషాలు. మందు కాగితాల మీద అప్పటికే ఉంది. బి.ఏ. చదివిన దాన్ని, నవలలు రాసేదాన్ని, ఆడవాళ్ల కష్టాల మీద ఉపన్యాసాలిచ్చేదాన్ని. నాకు రెండు మాటలూ విడివిడిగా తెలుసు. కలిపి తెలియవు. "ఎవరితోనూ అనకు" అన్న నా రెండు ముక్కలు ఆ అరవై గంటల్నీ మింగేశాయి. దానికి ఏమీ కాలేదనే నమ్ముతున్నాను. నమ్మకుండా ఉండలేను గనక నమ్ముతున్నాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఎవరైనా మీ వంటింటి గుమ్మంలో అలా కూచుంటే "ఎవరితోనూ అనకు" అనకండి. "తప్పు నీది కాదు" అనండి. ఆ తర్వాత గడియారం చూడండి. స్నానం చెయ్యకముందే, కట్టిన బట్టలు ఉతక్కముందే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వాస్పత్రి అయినా ప్రైవేటుది అయినా ఉచితంగా చూసి తీరాలని చట్టం ఉంది. ముందు కేసు పెట్టి రమ్మని వెనక్కి పంపడానికి వీల్లేదు. హెచ్.ఐ.వి. సంగతులకి 1097, ఆడవాళ్లకి 181, పిల్లలకి 1098. ఈ మూడు నంబర్లూ పాలవాడి లెక్క రాసుకునే చోటే రాసుకోండి. సిగ్గుపడాల్సిన నంబర్లు కావవి.

"అడగనోడికి ఏం చెప్పాల?" అన్న ప్రశ్నకి మాత్రం నేనింకా బాకీ ఉన్నాను. ఒక్కటి మాత్రం తెలిసింది. వాడికి చెప్పవలసింది ఆవిడ కాదు. ఆవిడ గొంతు నలిగిపోయాక చెప్పే మాట కాదది. వాడు చిన్నవాడిగా ఉన్నప్పుడు, వాడింట్లోవాళ్లు చెప్పవలసిన మాట. ఈసారి మీటింగు పెడితే కొట్టు అరుగు దగ్గరే పెడతానంటోంది మా ఆడపడుచు.

మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈ వ్యాసం పంపేముందు వాణ్ణి కూచోబెట్టి చదివి వినిపించాను. రెండో పేరా దాటేసరికి వాడి చూపు గోడ వైపు తిరిగింది. మా ఇంట్లో గోడకి కాలెండరు లేదు. జేబులోంచి ఫోను తీశాడు. నేను చెయ్యి చాపాను. కాసేపు నా ముఖం చూసి, ఫోను నా చేతిలో పెట్టి, "చదువు" అన్నాడు.